ముందే అమ్ముడుపోయిన ఆశ : వీడియో ఆటల ఆర్భాటం, అభిమానుల ఆగ్రహం

సాహిత్య విమర్శ పత్రికలో వీడియో ఆటల చరిత్ర ఎందుకని మిత్రులు కొందరు నొసలు చిట్లించవచ్చు. ఒకప్పుడు నవలను చూసి పండితులు ఇలాగే చిట్లించారు. తర్వాత సినిమాను చూసి నవలాకారులు చిట్లించారు. ఒక కథ కోట్లమంది చేతుల్లోకి వెళ్తున్నప్పుడు, దాని ముగింపు నచ్చలేదని వేలమంది దాని కర్తలను నిలదీస్తున్నప్పుడు, ఆ కథ కాగితం మీద ఉందా, గాజు తెర మీద ఉందా అన్నది చిన్న విషయం. కర్త ఎవరు? కృతి మీద హక్కు ఎవరిది? దాన్ని అందుకునేవాడు పాఠకుడా, కొనుగోలుదారుడా? ఇవి పెద్ద ప్రశ్నలు. ఇవి మన ప్రశ్నలే.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పద్యం చదవమంటే తల వంచుకునే పిల్లవాడు, ఇంకో రెండేళ్లకు గాని రాని ఒక ఆటను గురించి పది నిమిషాలు ఆగకుండా మాట్లాడగలడు. అందులో వీధులు ఎలా ఉంటాయో, వాన ఎలా కురుస్తుందో కళ్లకు కట్టిస్తాడు. అతడు వర్ణిస్తున్నది ఇంకా పుట్టని వస్తువును. పిల్లలకు కల్పనాశక్తి నశించిందని ఉపాధ్యాయుల గదిలో వాపోయేవారు ఈ వర్ణన వినవలసింది. ఆ శక్తి చావలేదు. దాన్ని ఎవరో కనిపెట్టారు, తవ్వి తీసి రొక్కంగా మార్చుకుంటున్నారు. ఎప్పటినుంచి, ఏ పద్ధతిలో అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన అంశం.

ఇంగ్లీషువాళ్లు దీన్ని 'హైప్' అంటారు. ఆర్భాటం అని నేను వాడుతున్నాను గాని, మన పల్లెల్లో ఇంతకంటే కచ్చితమైన మాట ఉంది: ఊదర. పక్వానికి రాని కాయకు పొగబెట్టి ముగ్గబెడతారు. ప్రచారంతో ఊదరగొడుతున్నారని పత్రికల్లో రాస్తూ రాస్తూ ఈ పొగ సంగతి మరచిపోయాం. రంగు ముందు వస్తుంది. రుచి సంగతి ఒలిచిన తర్వాత గాని తెలియదు. 'బ్యాక్‌లాష్' అనే ఎదురుదెబ్బ, ఒలిచిన తర్వాతి కథ.

కథ అమెరికాలో మొదలవుతుంది. 1972లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ కాలిఫోర్నియాలో అటారీ కంపెనీ పెట్టారు. 1976లో వార్నర్ కమ్యూనికేషన్స్ దాన్ని 2 కోట్ల 80 లక్షల డాలర్లకు కొనేసింది. మరుసటి ఏడు, ఇంట్లో టెలివిజనుకు తగిలించుకునే అటారీ యంత్రం బజారుకు వచ్చింది. ఆటలను కార్ట్రిడ్జులుగా విడిగా అమ్మేవారు. ఆ రోజుల్లో ఒక ఆటను సాధారణంగా ఒక్క మనిషే తయారుచేసేవాడు. బొమ్మ, చప్పుడు, నియమాలు అన్నీ అతడివే. మన పరిభాషలో ఏకకర్తృకం. అయినా డబ్బా మీద కర్త పేరు ఉండేది కాదు. ఆట లక్షల్లో అమ్ముడుపోయినా అతడికి దక్కేది నెల జీతమే. 1979లో డేవిడ్ క్రేన్, లారీ కప్లాన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అనే నలుగురు ప్రోగ్రామర్లు పేరూ, లాభంలో వాటా అడిగారు. దొరకలేదు. బయటికి వచ్చి యాక్టివిజన్ అనే సంస్థ నెలకొల్పడంలో పాలుపంచుకున్నారు. అక్కడ ఆటతోపాటు కర్త పేరూ అచ్చయింది.

అదే అటారీలో వారెన్ రాబినెట్ అనే ఇంకొకడు వేరే దారి తొక్కాడు. 'అడ్వెంచర్' అనే తన ఆటలో ఒక రహస్యపు గది కట్టాడు. కంటికి ఆననంత చిన్న చుక్కను వెదికి పట్టుకుంటే తప్ప అందులోకి దారి దొరకదు. ఆ గదిలో తన పేరు రాసుకున్నాడు. యజమానులకు తెలియలేదు. ఆట ఆడిన ఒక కుర్రవాడు కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాశాకే బయటపడింది. అప్పటికి రాబినెట్ ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఆశ్వాసాంత గద్యలో తండ్రి పేరూ, గోత్రమూ, బిరుదులూ సహా చెప్పుకున్న కవుల్ని చదువుకున్న మనకు, తన కృతిలో తనే దొంగలా దూరి పేరు రాసుకున్న ఈ కర్త వింతగా కనిపిస్తాడు. కృతి మొత్తం యజమాని సరుకు అయిపోయినప్పుడు సంతకం కూడా దొంగతనమే అవుతుంది.

1982 మార్చిలో అటారీ 'పాక్‌మన్' ఆటను ఇంటి యంత్రానికి తెచ్చింది. బజారు దుకాణాల్లో నాణేలు వేసి ఆడే 'పాక్‌మన్' మీద అప్పటికే అమెరికా వెర్రెత్తి ఉంది. ఇళ్లలో ఉన్న యంత్రాలు సుమారు కోటి. తయారుచేసిన కార్ట్రిడ్జులు 1 కోటి 20 లక్షలని ప్రసిద్ధి. ఈ ఆట కోసమే కొత్తవాళ్లు యంత్రం కొంటారని కంపెనీ లెక్క. ఆట లక్షల్లో అమ్ముడుపోయింది. కాని ఇంటికి తెచ్చి చూస్తే దయ్యాలు మినుకుమినుకుమంటూ మాయమవుతున్నాయి, రంగులు వెలవెలపోతున్నాయి. కొన్నవాళ్లు ఉసూరుమన్నారు.

అదే ఏడు జూన్‌లో స్పీల్‌బర్గ్ సినిమా 'ఇ.టి.' వచ్చింది. దాని పేరు మీద ఆట చేసే హక్కుల కోసం వార్నర్ 2 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చిందని చెబుతారు. ఒప్పందం తేలేసరికి జులై చివరికి వచ్చింది. క్రిస్మస్ అమ్మకాలకు సరుకు దుకాణాల్లో ఉండాలంటే సెప్టెంబరు మొదటికల్లా ఆట పూర్తి కావాలి. హోవార్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామరుకు అప్పగించారు. చేతిలో ఉన్నవి సుమారు ఐదు వారాలు. అంతకుముందు అతడి ఆటలకు నెలల తరబడి సమయం పట్టింది. ఐదు వారాల్లో అతడు ఆట పూర్తిచేశాడు. అందులో కథానాయకుడు మాటిమాటికీ గోతుల్లో పడిపోతుంటాడు, పిల్లలు విసిగిపోయి చేతిలో మీట పక్కన పడేస్తారు. 40 లక్షలు తయారుచేస్తే అమ్ముడుపోయినవి 15 లక్షలంటారు. వాటిలోనూ వెనక్కి వచ్చినవి ఎన్నో. 1982 డిసెంబరు 7న వార్నర్ తన లాభాల అంచనాను ఒక్కసారిగా తగ్గించి ప్రకటించేసరికి దాని వాటాల ధర దాదాపు మూడో వంతు పడిపోయింది. 1983 సెప్టెంబరులో న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగార్డో ఊరి చెత్తదిబ్బకు అటారీ సరుకు లారీల్లో చేరింది. గోతిలో పడేసి మన్ను కప్పారు, పైన కాంక్రీటు పోశారు. అమెరికాలో 300 కోట్ల డాలర్లు దాటిన పరిశ్రమ 1985 నాటికి 10 కోట్ల దరిదాపుకి దిగజారిందని లెక్క చెబుతారు.

ఈ పతనానికంతటికీ ఆ ఒక్క ఆటే కారణమని చాలాకాలం రాశారు. ఇది చరిత్ర కాదు, కట్టుకథ. ఎవరికి వారు ఆటలు చేసి బజారులో గుమ్మరించిన కంపెనీలు, గిడ్డంగుల్లో పేరుకున్న సరుకు, అమ్ముడుపోనివి అయిదో వంతు ధరకు తెగనమ్మిన దుకాణాలు, ఇంటి కంప్యూటర్లతో పోటీ - కారణాలు చాలా ఉన్నాయి. కాని 'ప్రపంచంలోకెల్లా చెత్త ఆట' అన్న జాబితాల్లో దశాబ్దాల పాటు వార్షా పేరే మోగింది. ఐదు వారాల గడువు విధించినవారి పేర్లు ఎన్ని జాబితాల్లో ఉన్నాయి? పేరు అచ్చు వేయడానికి ఒప్పుకోని పరిశ్రమ నింద వేయడానికి మాత్రం పేరు వెదికి పట్టుకుంది. వార్షా తర్వాత మానసిక చికిత్సకుడయ్యాడు.

2014 ఏప్రిల్ 26న ఆ దిబ్బను తవ్వారు. కెమెరాలు పెట్టి, జనాన్ని పిలిచి తవ్వారు. సుమారు 1300 కార్ట్రిడ్జులు బయటికి తీశారు. ఇ.టి. ఒక్కటే కాదు, బాగా అమ్ముడైన ఆటలు కూడా ఆ మట్టిలో ఉన్నాయి. చెత్తలోంచి తీసినవాటిని తర్వాత వేలం వేస్తే జనం పోటీపడి కొన్నారు. ఊదర పొగ ముప్పయ్యేళ్ల తర్వాత కూడా ఆరలేదన్నమాట.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1982 నాటి ఆగ్రహానికి గొంతు లేదు. కొన్నవాళ్లలో ఎక్కువమంది పిల్లలు. వాళ్లు చేసినదల్లా మళ్లీ కొనకపోవడం. ఆ మౌనానికే ఒక పరిశ్రమ కుప్పకూలింది. తర్వాతి కాలంలో ఆగ్రహానికి గొంతు వచ్చింది, లక్షల నోళ్లు వచ్చాయి. పరిశ్రమ మాత్రం మళ్లీ కూలలేదు. ఎందుకని?

జవాబు వెదకాలంటే 1997కు రావాలి. అప్పటికి ఆటల పత్రికలు పుట్టాయి, ఆట ఆడేవాళ్లకు అభిమానులన్న గుర్తింపు వచ్చింది. 'డూమ్', 'క్వేక్' ఆటల ద్వారా ప్రసిద్ధుడైన జాన్ రొమేరో డల్లాస్‌లో అయాన్ స్టార్మ్ అనే సంస్థ పెట్టి 'డైకటానా' అనే ఆట ప్రకటించాడు. పత్రికల్లో ఎర్రటి పుట మీద నల్లటి అక్షరాలతో ప్రకటన వచ్చింది. ఆటలో ఒక్క బొమ్మ లేదు. రొమేరో పేరు పెట్టి, చదివేవాణ్ణి తన కాళ్ల దగ్గర పడేసుకుంటాడన్న బూతు మాట ఒక్కటే ఉంది. 1979లో కర్త పేరును రహస్యపు గదిలో దాచుకోవలసి వచ్చింది. 1997 నాటికి కృతిని దాచేసి కర్త పేరునే అమ్ముతున్నారు. రెండూ ఒకే నాణేనికి రెండు వైపులు. ఆ ఏడు క్రిస్మస్‌కి వస్తుందన్న ఆట 2000 మే నెలకు గాని రాలేదు. మధ్యలో యంత్రాంగం మార్చారు, పనివాళ్లు గుంపుగా వెళ్లిపోయారు. వచ్చాక నవ్వులపాలైంది. 2010లో రొమేరో ఆ ప్రకటనకు క్షమాపణ చెప్పుకున్నాడు.

తర్వాతి రెండు దశాబ్దాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 2012 నాటి 'మాస్ ఎఫెక్ట్ 3' వివాదం. సాహిత్య విద్యార్థులు దీన్ని తప్పక తెలుసుకోవాలి. కెనడాలోని బయోవేర్ సంస్థ 2007, 2010, 2012 సంవత్సరాల్లో మూడు భాగాలుగా ఈ కథ చెప్పింది. మొదటి భాగంలో ఆడేవాడు తీసుకున్న నిర్ణయం - ఎవరిని బతికించాడు, ఎవరితో మైత్రి చేశాడు - మూడో భాగం దాకా వెంట వస్తుంది. నీ నిర్ణయాలను బట్టే ముగింపు అని ఐదేళ్లు నమ్మించారు. తీరా ముగింపుకు వస్తే మూడు దారులు చూపించారు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. వెలుగు రంగు మారింది గాని దృశ్యాలు దాదాపు ఒకటే.

అభిమానులు భగ్గుమన్నారు. అయితే ఆ మంటలో కొంత కళ ఉంది. రోగపీడిత బాలలకు ఆటవస్తువులు అందించే చైల్డ్స్ ప్లే అనే ధర్మసంస్థకు తమ నిరసన పేరిట 80,000 డాలర్లు పోగుచేశారు. మరికొందరు చందాలు వేసుకుని ఎరుపు, నీలం, ఆకుపచ్చ పూతలున్న 400 కప్‌కేకులు బయోవేర్ కార్యాలయానికి పంపారు. పైన పూత ఏ రంగైనా లోపల రుచి ఒక్కటే. ఇంత సూటిగా, ఇంత తియ్యగా రాసిన సమీక్ష నేను తెలుగులో ఇటీవల చదవలేదు. చందాల వ్యవహారంలో కూడా ఒక మెలిక ఉంది. కొత్త ముగింపు కొనుక్కోవడానికే డబ్బు కడుతున్నామని కొందరు దాతలు అనుకున్నారట. ధర్మసంస్థ ఇబ్బందిపడి, చందాల సేకరణ ఆపించింది. డబ్బు కడితే ముగింపు మారుతుందనే నమ్మకం వాళ్లకు ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పాలా?

పాఠకుడు ముగింపు మీద తిరగబడటం కొత్త కాదు. 1893 డిసెంబరులో స్ట్రాండ్ పత్రికలో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలో పడేసి చంపాడు. పాఠకులు కోపగించుకున్నారు, ఉత్తరాలు రాశారు. లండన్ యువకులు నల్లగుడ్డలు కట్టుకుని తిరిగారన్న కథకు మాత్రం ఆనాటి ఆధారం కనబడదు. ఆగ్రహానికి కూడా ఊదర పెట్టేవాళ్లుంటారు. 1901లో డాయిల్ హోమ్స్‌ని పాత కేసు పేరుతో తిరిగి తెచ్చాడు. 1903లో అసలు చావనేలేదని రాసేశాడు. దానికి పాఠకుల దుఃఖం ఎంత కారణమో, పత్రికలు ఇవ్వజూపిన పారితోషికమూ అంత కారణం.

బయోవేర్ స్థాపకుల్లో ఒకరైన రే ముజికా మార్చి నెలలోనే అభిమానులకు జవాబిచ్చాడు. జూన్ 26న విస్తరించిన ముగింపును ఉచితంగా విడుదల చేశారు. ముగింపు మారలేదు, వివరణ పెరిగింది. ఈ సందర్భంలో కంపెనీ వైపునుంచి వినిపించిన మాట 'కళాకారుల స్వాతంత్ర్యం'. ఎవరి ఒత్తిడికీ కళాకారుడు లొంగరాదన్న సూత్రాన్ని మనం కాదనం. కాని ఆట విడుదలైన రోజునే ఒక ముఖ్యపాత్రను కథనుంచి విడదీసి, 10 డాలర్లు అదనంగా కడితే ఇస్తామని అమ్మినది కూడా ఆ కంపెనీయే. నవలలోంచి ఒక పాత్రను పీకి పక్కన పెట్టి, కావాలంటే వేరే కొనుక్కోమన్న ప్రచురణకర్తను ఊహించండి. అమ్మేటప్పుడు సరుకు, విమర్శించేటప్పుడు కళ. ఈ రెండు నాల్కలను ప్రశ్నించే హక్కు అభిమానులకు ఉంది. అయితే వాళ్లలో చాలామంది తమ హక్కును కొనుగోలుదారుడి హక్కుగానే చెప్పుకున్నారు. ఒకరు వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంఘానికి ఫిర్యాదు కూడా చేశారు. మూడు భాగాల కథలో తమ నిర్ణయాలతో పాలుపంచుకున్న సహకర్తలు, తమ గొంతును రసీదు మీదే ఆధారపరచుకోవడం నాకు విచారం కలిగిస్తుంది.

జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యాస్ 1967లో కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో, ప్రతి పాఠకుడూ ఒక 'అపేక్షల దిగంతం'తో కృతిని సమీపిస్తాడన్నాడు. అతడు చెప్పిన దిగంతం అంతకుముందు చదివిన కృతులతో ఏర్పడేది. ఇక్కడ దిగంతాన్ని కంపెనీయే గీసి చూపిస్తుంది. ట్రైలర్ అనే రెండు నిమిషాల దృశ్యఖండం అందుకే ఉంది. ఇంగ్లండులో గిల్డ్‌ఫర్డ్ పట్టణంలోని హలో గేమ్స్ అనే చిన్న సంస్థ 2013 డిసెంబరులో 'నో మ్యాన్స్ స్కై' ఆట ట్రైలర్ చూపించింది. అందులో గ్రహాల సంఖ్య 18 పక్కన మరో 18 అంకెలు. మన అలంకారికులు అతిశయోక్తికి ఉదాహరణలు వెదుక్కోనక్కరలేదు. కాని ఇది గణితం ప్రకారం నిజమే. యంత్రం సూత్రాన్ని బట్టి ఒక్కో గ్రహాన్నీ అప్పటికప్పుడు పుట్టిస్తుంది. అబద్ధం సంఖ్యలో లేదు. అన్ని గ్రహాల్లో ఎన్ని నిజంగా వేరువేరుగా అనిపిస్తాయన్న ప్రశ్న ఎవరూ అడగకపోవడంలో ఉంది.

సంస్థ ముఖ్యుడు షాన్ మరే బిడియస్తుడు. అడిగినవాళ్లకల్లా 'ఉండవచ్చు', 'ఉంటుంది' అని చెబుతూ పోయాడు. ప్రతి 'ఉండవచ్చు'నూ అభిమానులు 'ఉంది'గా రాసుకున్నారు. 2016 జూన్‌లో రావలసిన ఆట ఆగస్టుకు వాయిదా పడగానే అతణ్ణి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. వాయిదా వార్తను ముందుగా రాసిన విలేకరికీ వచ్చాయి. ఆట వచ్చిన మొదటిరోజునే ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకున్నారు. ఒకరికొకరు కనిపించలేదు. కలుసుకోవడం సాధ్యమేనని అంతకుముందు చెప్పిన మాట అక్కడ తేలిపోయింది. ఆడేవాళ్ల సంఖ్య వారాల్లోనే పలచబడింది, డబ్బు వాపసు ఇమ్మన్న గోల పెరిగింది. బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ ఫిర్యాదులు విచారించి, నవంబరు 30న ప్రకటనల్లో మోసం లేదని తేల్చింది. హలో గేమ్స్ నెలల తరబడి నోరు మెదపలేదు. పనిచేసుకుంటూ పోయింది. 2018 జులైలో ఆటగాళ్లు నిజంగా కలిసి ఆడుకునే ఏర్పాటును ఉచితంగా ఇచ్చింది, ఆ తర్వాత కూడా ఏటా చేర్పులు ఇస్తూ వచ్చింది. తిట్టినవాళ్లలో ఎంతోమంది తిరిగివచ్చారు. ఇదొక ఉత్తమ ఉదాహరణగా చెబుతుంటారు. నాకు మాత్రం ఇందులో ఒక ఇబ్బంది కనిపిస్తుంది. ముందు అమ్మి తర్వాత పూర్తిచేసినా క్షమిస్తారన్న పాఠాన్ని పెద్ద కంపెనీలు ఈ చిన్న సంస్థ కథనుంచి నేర్చుకున్నాయి.

అలా నేర్చుకున్నదానికి ఫలితం పోలండ్‌లో కనిపిస్తుంది. వార్సాకు చెందిన సీడీ ప్రాజెక్ట్ 'సైబర్‌పంక్ 2077'ను 2012లో ప్రకటించింది. 2019 జూన్‌లో హాలీవుడ్ నటుడు కీను రీవ్స్‌ని వేదిక మీదికి తెచ్చి 2020 ఏప్రిల్ విడుదల అని చెప్పించింది. ఏప్రిల్ సెప్టెంబరయింది, సెప్టెంబరు నవంబరయింది, నవంబరు డిసెంబరు 10 అయింది. చివరి వాయిదా వేసినప్పుడు పనిచేస్తున్నవాళ్లకు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. ఆ పనివాళ్లు అప్పటికి ఏ స్థితిలో ఉన్నారు? పనివాళ్ల చేత బలవంతంగా అదనపు గంటలు చేయించబోమని 2019లో యాజమాన్యం బహిరంగంగా మాట ఇచ్చింది. 2020 సెప్టెంబరులో వారానికి ఆరు రోజుల పని తప్పనిసరి చేసింది. ఈ పరిశ్రమలో దీనికి 'క్రంచ్' అని ముద్దుపేరు. పంటికింద పప్పు నలిగినప్పటి చప్పుడు. నలుగుతున్నది ఎవరో ఆ మాటలో వినిపించదు.

ఆట బజారుకు రాకముందే 80 లక్షల మంది డబ్బు కట్టారు. ఈ అంక దగ్గర ఆగాలి. మనకూ ముందస్తు చందాల సంప్రదాయం ఉంది. 1906లో మొదలైన విజ్ఞానచంద్రికా గ్రంథమాల వంటివి చందాదారులను నమ్ముకునే నడిచాయి. చందాదారుడు కట్టకపోతే పుస్తకం అచ్చుకాదు. అతడు పుస్తకం పుట్టుకకు కట్టాడు. కంప్యూటరులోకి నేరుగా దించుకునే ఆటకు ప్రతులు అయిపోతాయన్న భయం లేదు, మర్నాడు కొన్నా అదే ఆట. అయినా 80 లక్షల మంది ముందే ఎందుకు కట్టారు? వాళ్లు కొన్నది ఆటను కాదు, ఎదురుచూపులో వాటాను. కట్టినవాడికి ఆ ఆట గొప్పదని నమ్మడం అవసరమవుతుంది. గొప్పది కాదన్నవాడు అతడికి శత్రువవుతాడు. విడుదలకు ముందు ఈ ఆటకు పదికి ఏడు మార్కులు వేసిన ఒక సమీక్షకురాలిని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆటలోని మెరుపు వెలుగులు మూర్ఛరోగులకు ప్రమాదమని హెచ్చరించిన మరో సమీక్షకురాలికి, ఆమెకు మూర్ఛ ఉందని తెలిసి, మూర్ఛ తెప్పించే వీడియోలు పంపారు. ఆట ఇంకా వాళ్లెవరూ ఆడలేదు. చదవని పుస్తకం కోసం విమర్శకుణ్ణి కొట్టడానికి వెళ్లడం లాంటిది ఇది. తిట్లు తిన్నవాళ్లు ఇద్దరూ స్త్రీలు కావడం కాకతాళీయమని నేననుకోను.

విడుదలకు ముందు సమీక్షకులకు ఖరీదైన కంప్యూటర్లలో ఆడే ప్రతి మాత్రమే ఇచ్చారు. పాత యంత్రాలున్న సామాన్యులకు దొరికినది మనుషులు గాల్లో తేలే, మాటిమాటికీ ఆగిపోయే ఆట. వారం తిరిగేసరికి సోనీ తన దుకాణంనుంచి దాన్ని తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. 2021 జూన్ దాకా తిరిగి పెట్టలేదు. అయినా 2020 డిసెంబరు 20 నాటికి 1 కోటి 30 లక్షల ప్రతులు చెల్లాయి, వాపసులు పోను. మోసపోయామని వాటాదారులు వేసిన వ్యాజ్యం 18 లక్షల 50 వేల డాలర్లతో ముగిసింది. 2023 సెప్టెంబరులో మరమ్మతు చేసిన రూపమూ, దానికి కొత్త అనుబంధ కథా వచ్చాయి, జేజేలు పలికించుకున్నాయి. ఆగ్రహానికి పరిశ్రమ ఎందుకు కూలలేదన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. 1982లో పిల్లవాడు ఉసూరుమని కొనడం మానేశాడు. ఇప్పుడు అభిమాని కొన్న తర్వాతే అరుస్తాడు. అరుపు వినిపించేసరికి రొక్కం గల్లాపెట్టెలో ఉంటుంది.

విమర్శకుల సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ రంగంలో సమీక్ష చివర మార్కులుంటాయి. వాటి సగటును మెటాక్రిటిక్ అనే సంస్థ లెక్కకట్టి ప్రకటిస్తుంది. 2010లో వచ్చిన 'ఫాల్అవుట్: న్యూ వేగాస్'కు సగటు 85 వస్తే దాన్ని తయారుచేసిన అబ్సిడియన్ సంస్థకు బోనసు అన్న ఒప్పందం ఉండేదనీ, 84 వచ్చిందనీ ఆ సంస్థ ముఖ్యుల్లో ఒకరే చెప్పాడు. సైబర్‌పంక్ పనివాళ్ల బోనసు కూడా మొదట ఇలాంటి మార్కులతోనే ముడిపెట్టారు, గొడవయ్యాక ఆ షరతు తీసేశారు. మార్కులు వేయడం నా వృత్తి. ఒక్క మార్కుతో తప్పిన పిల్లల ముఖాలు నాకు తెలుసు. విమర్శకుడి అభిప్రాయం ఇంకొకరి కూలిని కొలిచే కర్ర అయినప్పుడు అతడు నిజం రాయగలడా? రాస్తే ఎవరికి దెబ్బ తగులుతుంది? అభిమానులు కూడా ఈ కర్రనే అందుకున్నారు. 2020 జూన్‌లో 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగం వచ్చిన కొన్ని గంటల్లోనే వేలమంది సున్నాలు వేశారు. ఆ ఆట ముగించడానికి పాతిక గంటలు పడుతుంది. ప్రియమైన పాత్రను చంపారన్నది కొందరి కోపం, స్త్రీపాత్రల తీరు నచ్చకపోవడం మరికొందరిది. చంపిన పాత్రకు గొంతు ఇచ్చిన నటికి బెదిరింపులు వెళ్లాయి. కథకూ నటికీ తేడా తెలియని స్థితి అది. తర్వాత జులైలో మెటాక్రిటిక్, విడుదలైన 36 గంటల వరకూ ఆటగాళ్లు మార్కులు వేయరాదని నియమం పెట్టింది.

ఆగ్రహమంతా ఇలాంటిదేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. 2017 నవంబరులో 'స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2'లో లాటరీ పెట్టెల్ని దూర్చినప్పుడు అభిమానులు లెక్కలు కట్టి, ఒక్క నాయకపాత్ర దక్కాలంటే 40 గంటలు ఆడాలని చూపించారు. విడుదలకు ముందురోజు కంపెనీ ఆ అమ్మకం ఆపేసింది. మరుసటి ఏప్రిల్‌లో బెల్జియం ఇలాంటి పెట్టెలు జూదం కిందికి వస్తాయని తేల్చింది. ఇక్కడ గురి సరిగ్గా ఉంది. డబ్బు ఎవరు తీసుకుంటున్నారో వాళ్లనే అడిగారు.

చివరగా 2025 నాటి ఒక ఉదంతం. ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరంలోని టీమ్ చెర్రీ అనే బహుకొద్దిమంది బృందం 'సిల్క్‌సాంగ్' ఆటను 2019 ఫిబ్రవరిలో ప్రకటించి, ఆరేళ్లకు పైగా దాదాపు మౌనంగా ఉండిపోయింది. ఊదర పెట్టినవాళ్లు లేకుండానే అభిమానులు తమలో తామే పొగ రాజేసుకున్నారు. సెప్టెంబరు 4న విడుదలైన గంటలో అమ్మే దుకాణాల యంత్రాలు జనం తాకిడికి స్తంభించాయి. ధర 20 డాలర్లు. ఎక్కువమంది మెచ్చుకున్నారు. చైనా భాషలో ఆడినవాళ్లు మాత్రం పెద్దసంఖ్యలో నిరసన రాశారు. అనువాదం పాతకాలపు గ్రాంథిక ధోరణిలో ఉందనీ, మూలంలోని తేట మాటలు పురాణ కథల భాషలోకి బిగుసుకుపోయాయనీ వాళ్ల ఆరోపణ. ఈ వార్త చదివినప్పుడు గిడుగు రామమూర్తి పంతులు గుర్తురాని తెలుగు ఉపాధ్యాయుడుంటాడా? ఆట బాగోలేదని కాదు, తమ నోటి భాషలో లేదని ఎంతోమంది పట్టుబట్టారు. బృందం తరఫున ప్రచారం చూసే వ్యక్తి సమస్య ఉందని ఒప్పుకుని, అనువాదం మెరుగుపరుస్తామని మాట ఇచ్చాడు.